పోలండ్ పల్లెలో బక్రీద్

గురువారం

బక్రీద్‌కు సెలవు అడిగితే మా మేనేజరు వెంటనే ఇచ్చేశాడు. పండగ ఎక్కడ చేసుకుంటున్నారని మాత్రం ఆరా తీశాడు. క్రుషిన్యానీలో అన్నాను. ఆయన పుట్టి పెరిగింది దక్షిణాన, క్రాకోవ్ దగ్గర. "అది మా దేశంలోనే ఉందా?" అంటూ ఫోన్‌లో మ్యాప్ తెరిచాడు.

ఉంది. ఈశాన్య మూల, బెలారస్ సరిహద్దును ఆనుకున్నట్టే ఉంటుంది. పోలండ్‌లో పాత చెక్క మసీదులు రెండే మిగిలాయి. ఒకటి ఈ క్రుషిన్యానీలో, రెండోది బోహొనీకీ అనే మరో పల్లెలో. రెండూ తాతార్లవే. 14వ శతాబ్దం చివర్లో లిథువేనియాను ఏలిన వీతావ్తాస్ దొర కొలువులో చేరి, ఆ నేల మీదే కుదురుకున్న గుర్రపు సైనికుల సంతతి వీళ్లు. 1410లో గ్రున్‌వాల్డ్ దగ్గర ట్యూటానిక్ వీరులను, అంటే జర్మన్ క్రైస్తవ యోధుల సంఘాన్ని, ఓడించిన సైన్యంలో వీళ్ల పూర్వీకులున్నారు. అంటే హైదరాబాద్ నగరానికి పునాది పడక ముందే ఈ వైపు నమాజు జరుగుతోందన్నమాట. ఇంత చరిత్ర ఉన్నా 2011 జనాభా లెక్కల్లో తాము తాతార్లమని రాయించుకున్నవాళ్లు రెండు వేల లోపే.

వార్సాలో మేం వెళ్లే మసీదులో అరబ్బులు, తుర్కులు, బంగ్లాదేశ్ కుర్రాళ్లు ఎక్కువ. పండగ నమాజు అవగానే ఎవరి గుంపు వాళ్లది. మాకు గుంపు లేదు. ఉర్దూ మాట్లాడేవాళ్లు వచ్చి పలకరిస్తారు, మేం తడబడటం చూసి మర్యాదగా పక్కకు తప్పుకుంటారు. మేం నూర్‌బాషాలం. గుంటూరు వైపు దూదేకులోళ్లు అంటారు. మా ఇంట్లో తెలుగే, పెళ్లిళ్లలో తెలుగే, తిట్లు కూడా తెలుగే. మా నాయనమ్మ నమాజు అయ్యాక చేతులు పైకెత్తి "అల్లా, పిల్లల్ని చల్లగా చూడు నాయనా" అనేది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో "ఉర్దూ రాదా? మరి నువ్వేం ముస్లింవి?" అన్న మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. మా ఆవిడకు కోపమొచ్చింది. తాతార్లు కూడా తమ భాషను ఎప్పుడో మర్చిపోయారని ఆమె ఎక్కడో చదివింది. "ఈ పండక్కి వాళ్ల దగ్గరికి పోదామండీ" అంది. అలా బయల్దేరాం.

వార్సా నుంచి బియాలిస్టాక్ దాకా రైలు. అక్కడ కారు అద్దెకు తీసుకున్నాం. క్రుషిన్యానీకి బస్సు మీద ఆధారపడితే నమాజు అయిపోయాక దిగాల్సి వస్తుందని అందరూ చెప్పారు. ఊరు దాటగానే క్నిషిన్ అడవి మొదలవుతుంది. ఎటు చూసినా పైన్ చెట్లే. అడవి పల్చబడ్డ చోట పల్లెలు, కరెంటు స్తంభాల మీద కొంగ గూళ్లు. అధ్యక్ష ఎన్నికలు అయిపోయి వారం కూడా కాలేదు, కంచెల మీద అభ్యర్థుల ముఖాలు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. క్రిన్కీ అనే చిన్న పట్నంలో నడిబొడ్డున గుండ్రటి పార్కు ఉంది. దాని చుట్టూ పన్నెండు వీధులు చీలిపోతాయి. మాకు కావాల్సిన వీధి దొరికేదాకా పార్కు చుట్టూ ప్రదక్షిణ చేశాం. ఆ తర్వాత ఒకచోట సైనికులు ఆపి కారు డిక్కీ తెరిపించారు. 2021 నుంచి ఈ సరిహద్దులో ఇది మామూలే. బెలారస్ గుండా వచ్చే శరణార్థులను ఆపడానికి 2022లో అయిదున్నర మీటర్ల ఎత్తు ఇనుప కంచె కట్టారు. డిక్కీలో మా బియ్యం, ఆవకాయ సీసా చూసి ఒక సైనికుడు అదేమిటని అడిగాడు. మూత తీసి వాసన చూపించాను. ఇంకేం అడగకుండా పొమ్మన్నాడు.

మేం దిగిన ఇంటి యజమానురాలికి డెబ్బై దాటి ఉంటాయి. తాతార్ ఇల్లే. పోలిష్ వాళ్ల పద్ధతిలో మేమూ ఆమెను 'పాని', అంటే మేడం, అనే పిలిచాం. ఇండియా నుంచి అనగానే ఉర్దూ మాట్లాడతారా అనో, హిందీ మాట్లాడతారా అనో అడుగుతుందనుకున్నా. మీ అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడేది అని అడిగింది. తెలుగు అన్నాం. అది ముస్లింల భాషా అంది. కాదు, మా ఊళ్లో అందరి భాష అన్నాను. "మాకూ అంతే" అని టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది. మేం పదేళ్లుగా అందరికీ విడమరిచి చెప్పుకుంటున్న సంగతి ఆమెకు సగం వాక్యంలో అర్థమైంది. మా ఆవిడ నా వైపు చూసి కనుబొమ్మలెగరేసింది.

వంటింట్లో రేపటికి పెరెకచెవ్నిక్ తయారవుతోంది. పిండిని కాగితమంత పల్చగా ఆరు పొరలు సాగదీసి, ఒక్కో పొరకూ వెన్న రాసి ఒకదాని మీద ఒకటి పరిచి, మాంసం కూరి పొడుగ్గా చుట్టి, ఆ చుట్టను మళ్లీ చుట్టకుదురులా గుండ్రంగా పేర్చి బట్టీలో కాలుస్తారు. గొర్రె, బాతు, ఎద్దు మాంసాల్లో ఏదైనా వాడతారు. ఆపిల్‌తోనో, జున్నుతోనో చేసే తీపి రకమూ ఉంది. 2009లో యూరోపియన్ యూనియన్ దీన్ని సంప్రదాయ వంటకంగా రిజిస్టర్ చేసింది. ఆ రిజిస్ట్రేషన్ గురించి అడిగితే పాని చేతి పిండి దులుపుకుంటూ, "బ్రస్సెల్స్ వాళ్లు ఎప్పుడైనా పిండి సాగదీశారా?" అంది.

జూన్‌లో ఇక్కడ పొద్దు గూకేసరికి తొమ్మిదవుతుంది. రాత్రి చేసే ఇషా నమాజుకు కాచుకుని కూర్చోవడం ఒక పరీక్ష. కూర్చోలేక ఇద్దరం ఊరి వీధి చివరి దాకా నడిచాం. ఒకే పొడుగాటి వీధి, అటూ ఇటూ చెక్క ఇళ్లు. తాతార్ కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మిగతావాళ్లలో ఎక్కువమంది బెలారస్ మూలాలున్న ఆర్థడాక్స్ క్రైస్తవులు. చదువుకున్న తాతార్ పిల్లలు బియాలిస్టాక్‌లోనో, వార్సాలోనో, సముద్రం ఒడ్డున గ్దాన్స్క్‌లోనో స్థిరపడ్డారు. మా పల్లెల్లాగే పండక్కే ఊరు నిండుతుంది.

శుక్రవారం

జూన్ 6. ఇండియాలో రేపు పండగ, ఇక్కడ ఈరోజే. అమ్మకు ఫోన్ చేస్తే "ఒకరోజు ముందే చేసేసుకుంటున్నారా, అంత ఆకలా?" అంది.

మసీదును చూసి ఎవరైనా చర్చి అనుకుంటారు. ముదురాకుపచ్చ రంగు వేసిన చెక్క కట్టడం. ముందు రెండు చదరపు బురుజులు, వాటి మీద రేకు గుమ్మటాలు. కొసన నెలవంక కనిపించాకే నమ్మకం కుదురుతుంది. 18వ శతాబ్దం నాటిది. ఈ చుట్టుపక్కల వడ్రంగులు తమకు చేతనైన పద్ధతిలోనే కట్టారు, నెలవంక ఒక్కటే వేరు. ఇలా కట్టడం వల్ల దీనికేదో తక్కువైందని నాకనిపించలేదు. మినార్లు, గోళాల గుమ్మటాలు లేకపోతే మసీదు కాదన్నట్టు మా వైపు కొత్తగా కట్టేవన్నీ గల్ఫ్ ఫొటోలు చూసి కడుతున్నారు. నేనైతే పెంకుటిల్లులాంటి మా ఊరి పాత మసీదులోనే ఎక్కువ ప్రశాంతంగా కూర్చున్నాను.

నమాజు పొద్దెక్కాకే పెట్టారు, దూరం నుంచి వచ్చేవాళ్లుంటారని. రోడ్డుకు రెండు వైపులా కార్లు ఆగి ఉన్నాయి. గ్దాన్స్క్ నంబర్లు, వార్సా నంబర్లు, జర్మనీ నంబర్లు కూడా. ముసలివాళ్లు సూటు, టై, నెత్తిన టోపీ. కుర్రాళ్లు జీన్స్. ముందు వరుసల్లో రష్యాలోని చెచెన్యా నుంచి వచ్చి బియాలిస్టాక్‌లో ఉంటున్న కుటుంబాల మగవాళ్లు, గడ్డాలతో. ఎవరో మెడికల్ కాలేజీలో చదివే అరబ్బు కుర్రాళ్లు. నాలాంటి దారినపోయేవాళ్లు ఇంకొందరు. ఎవరూ ఎవరినీ ఎక్కడి నుంచి వచ్చావని ఆపలేదు. చెప్పులు విప్పే చోట మాత్రం తోపులాట, అది లోకమంతా ఒకటే.

లోపల తివాచీలు, మక్కా దిక్కు చూపే గూడు మిహ్రాబ్, పక్కన ఇమామ్ ప్రసంగించే చిన్న చెక్క మెట్ల వేదిక, మింబర్. గోడల నిండా ముహీర్లు, అంటే కురాన్ వాక్యాలు, మక్కా బొమ్మలు వేసి ఫ్రేము కట్టిన పటాలు. తాతార్ల ఇళ్లలోనూ ఇవి ఉంటాయి. పాని ఇంట్లో హాల్లో రెండున్నాయి. మా ఇళ్లలో గుమ్మం మీద వేలాడే మక్కా మదీనా ఫొటోలకు వీటికీ పెద్ద తేడా లేదు.

తక్బీరులు మొదలయ్యాయి. అవి ఎక్కడైనా ఒకటే గనక నా గొంతు దానంతటదే కలిసింది. నమాజు తర్వాత ఇమామ్ ఖుత్బా, అంటే పండగ ప్రసంగం, పోలిష్‌లో చదివాడు. ఇబ్రాహీం, ఇస్మాయీల్ కథ. తర్వాత పొరుగువాడికి మాంసం పంచడం గురించి. అరబీ ఖుత్బాలో భక్తిగా కునుకు తీయడం అలవాటైన నేను ఇక్కడ సగం సగం అర్థమవుతున్న పోలిష్‌ను పట్టుకోవడానికి ముందుకు వంగి కూర్చున్నాను. తాతార్లు తమ భాష కోల్పోయినా మత గ్రంథాలను వదిలిపెట్టలేదు. పోలిష్, బెలారుసియన్ మాటలనే అరబీ లిపిలో రాసి పెట్టుకున్నారు. కురాన్ అర్థాన్ని కూడా అలాగే చేతి రాతప్రతుల్లో తరతరాలుగా దాచుకున్నారు. మన దగ్గర కురాన్‌ను తెలుగులోకి తెచ్చినవాళ్లలో తొలివారు చిలుకూరి నారాయణరావు గారు, ఒక బ్రాహ్మణ పండితుడు. మా నాన్న ఆ సంగతి గర్వంగా చెప్పేవాడు. మా చిన్నాయన దాన్నే చిన్నతనంగా చెప్పేవాడు. నేను నాన్న పక్షం.

ఆడవాళ్ల గది వెనక ఉంటుంది. మధ్య చెక్క గోడ, గోడలో అడ్డంగా పొడుగాటి సందు, దానికి పల్చటి తెర. అవతల ఏం జరిగిందో మా ఆవిడ చెప్పిందే రాస్తున్నాను. లోపల కూర్చునే చోటు లేదట. చాలామంది గుమ్మం దగ్గరే బ్యాగులోంచి స్కార్ఫ్ తీసి కట్టుకున్నారట. ఒక ముసలావిడ ఈమె దుపట్టా జారిపోతుంటే తన జాకెట్టుకున్న పిన్ను తీసి పెట్టిందట. నమాజు అయ్యాక చిన్నపిల్లలు ఈమె చేతులకున్న గోరింటాకు కోన్ డిజైన్ చూసి చుట్టుముట్టారు. అది కడిగితే పోతుందా, నొప్పి పెడుతుందా అని ఒకటే ప్రశ్నలు. ఈమె బ్యాగులో ఇంకో కోన్ ఉంది. మసీదు మెట్ల మీదే దుకాణం పెట్టేసింది. నేను బయట నిలబడి ఎదురుచూస్తుంటే "మీరు పోయి రండి, నాకింకా నలుగురున్నారు" అని పంపేసింది.

నేను పోయింది సదోగా పంచే చోటికి. మన సద్ఖా లాంటిదే. ఇళ్ల నుంచి తెచ్చిన బిస్కెట్లు, మిఠాయిలు, హల్వా ముక్కలు, ఎండు ద్రాక్ష ఆవరణలో అందరికీ పంచుతారు. చనిపోయినవాళ్ల పేరు మీద ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వద్దంటే బాధపడతారు. కాసేపటికి నా జేబులు రెండూ నిండిపోయాయి. టూరిస్టులు కూడా వరసలో నిలబడి తీసుకున్నారు. ఈ ఊరు పత్రికల్లో బాగా వస్తుంది. 2010లో, అప్పటికింకా యువరాజుగా ఉన్న చార్లెస్ వచ్చి వెళ్లాడు. 2012లో మసీదుకూ శ్మశానానికీ జాతీయ చారిత్రక కట్టడం హోదా ఇచ్చారు. కెమెరాలు వేసుకుని నమాజు మధ్యలో తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరిని చూస్తే నాకు చిరాకేసింది. ఊరివాళ్లకు అలవాటైపోయినట్టుంది, పట్టించుకోలేదు.

ఆ తర్వాత జనమంతా మిజార్ వైపు నడిచారు. మిజార్ అంటే శ్మశానం. మసీదుకు వెనకగా చెట్ల మధ్య చిన్న గుట్ట. పండగ నాడు పెద్దల సమాధుల దగ్గర ఫాతిహా ప్రార్థన చదవడం ఇక్కడ ఆనవాయితీ. తల వైపు పెద్ద రాయి, కాళ్ల వైపు చిన్న రాయి, చుట్టూ గుండ్రాళ్లు. పాతవాటి మీద అరబీ అక్షరాలు. రష్యా జార్ పాలన నాటివాటి మీద రష్యన్ లిపి, కొందరు జార్ సైన్యంలో అధికార్లు. కొత్తవన్నీ పోలిష్‌లో. నున్నటి నల్లరాయి, పింగాణీ బిళ్ల మీద చనిపోయినవారి ఫొటో. ఇంటిపేర్లు అహ్మతోవిచ్, బొగ్దానోవిచ్, అలెక్సాండ్రోవిచ్. మా ఊళ్లో మస్తానయ్యలు, హుస్సేనమ్మలు, సైదులు ఉన్నట్టే.

ఆ ఫొటోల దగ్గరే చిన్న గొడవ. గొడవ అనడం కూడా ఎక్కువే. అరబ్బు కుర్రాళ్లలో ఒకడు, సమాధుల మీద ఫొటోలు పెట్టకూడదు, పూలు పెట్టకూడదు, ఇవన్నీ క్రైస్తవుల పద్ధతులు అని ఇంగ్లిష్‌లో పక్కవాడికి చెబుతున్నాడు. అక్కడే పూలు సర్దుతున్న ఒక పెద్దాయనకు ఇంగ్లిష్ వచ్చు. రిటైరైన బడి పంతులట. ఆయన లేచి నిలబడి, చాలా మెల్లగా అన్నాడు: "బాబూ, ఈ ఫొటోలో ఉన్నది మా అమ్మ. కమ్యూనిస్టుల కాలంలో నాకు రహస్యంగా సూరాలు నేర్పింది. ఆమె ముఖం నాకు గుర్తుండాలి." కుర్రాడు సారీ చెప్పాడు. పెద్దాయన జేబులోంచి చాక్లెట్టు తీసి అతనికిచ్చాడు.

నాకు మా ఊరి పీర్ల చావిడి గుర్తొచ్చింది. మొహర్రంలో పీర్లు లేచేవి. గుండం చుట్టూ కమ్మోళ్లు, మాదిగోళ్లు, మేం, అందరం ఆడేవాళ్లం. తర్వాత టౌను నుంచి పెద్దమనుషులు వచ్చి ఇది ఇస్లాం కాదన్నారు. మా ఇళ్లలో సగం మానేశాయి. ఇప్పుడు ఆ చావిడిని ఎక్కువగా నడిపిస్తోంది హిందువులే. మతంలో ఏది సరి, ఏది కాదు అని తేల్చేంత చదువు నాకు లేదు. కానీ ఎవరో వచ్చి చెప్పినంతనే మా వాళ్లు అంత తేలిగ్గా తల ఒంచడం, తమ తాతల్ని చూసి సిగ్గుపడటం మాత్రం నాకు ఈనాటికీ మింగుడు పడదు. ఈ పంతులు గారు సిగ్గుపడలేదు. వాదించనూ లేదు.

మధ్యాహ్నం భోజనానికి ఆయనా వచ్చారు, పానికి మరిది వరస అవుతాడట. పెరెకచెవ్నిక్, కొల్దునీ అనే మాంసం కుడుములు, వాటితో పులుసు. ఆవకాయ కూడా బల్ల మీదికి చేరింది. ఆయన వేలికొసతో నాకి, నీళ్లు తాగి, మళ్లీ నాకాడు. ఈ ఊరు తమకెలా వచ్చిందో తింటూ చెప్పుకొచ్చారు. పోలండ్ రాజ్యం తాతార్ సైనికులకు జీతాలు ఎగ్గొట్టింది. హక్కులు కూడా కోసేసింది. 1672లో చాలామంది తిరగబడి టర్కీ సుల్తాను వైపు వెళ్లిపోయారు. వాళ్లను వెనక్కి తెచ్చుకోవడానికి, బకాయిల కింద 1679లో రాజు జాన్ సోబియెస్కీ ఈ పల్లెలు రాసిచ్చాడు. అందులో క్రుషిన్యానీ, బోహొనీకీ ఉన్నాయి. నాలుగేళ్లకు పార్కానీ యుద్ధంలో క్రుషిన్యానీ దొర క్షెచోవ్‌స్కీ రాజు ప్రాణం కాపాడాడని, తర్వాత రాజు స్వయంగా ఈ ఊరొచ్చి ఆయన ఇంట్లో దిగాడని ఊరి కథ. పంతులు గారు మాత్రం "కథ బాగుంటుంది, కానీ నాకు నచ్చేది జీతం బకాయిల సంగతే. మేం దేశభక్తులం, అయినా జీతం కావాలి" అన్నారు. సాఫ్ట్‌వేర్ వాడిని, నాకు వెంటనే ఎక్కింది.

1945 తర్వాత సరిహద్దు గీత జరిగింది. తాతార్ల ఊళ్లలో చాలావరకు లిథువేనియా, బెలారస్‌లలో, అంటే సోవియట్ యూనియన్‌లో ఉండిపోయాయి. మసీదులతో సహా. ఇటు మిగిలినవి ఈ రెండే. పానివాళ్ల అమ్మమ్మ ఊరు ఇక్కడికి కారులో పోయేంత దూరం, కానీ వీసా కావాలి, ఇప్పుడైతే కంచె కూడా.

సాయంత్రం నిద్ర. పండగ నిద్ర.

శనివారం

బోహొనీకీ ఇక్కడికి ముప్పావు గంట ప్రయాణం, సొకూల్కా పట్నం దగ్గర. కుర్బానీకి, అంటే పండగ బలికి, మూడు రోజులు గడువుంటుంది గనక ఈరోజు అక్కడ మాంసం పంపకాలు. మా వాటా కింద ముందే డబ్బు కట్టాం, జ్లోటీల్లో. ఎవరెంతిచ్చారో పుస్తకంలో రాసుకుంటున్న ఆవిడ మా పేర్లు మూడు రకాలుగా రాసి, చివరికి 'ఇండియా' అని పెట్టుకుంది.

ఇక్కడి మసీదు ఇంకా చిన్నది. రంగు వేయని గోధుమ రంగు చెక్క, నడుమ ఒకే చిన్న బురుజు. 19వ శతాబ్దపు కట్టడం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దీన్ని సైనిక ఆసుపత్రిగా వాడుకున్నారు. పటాల విషయంలో, తెర విషయంలో క్రుషిన్యానీకి తోబుట్టువే, కాబట్టి దాని గురించి ఇక రాయను.

రాయాల్సింది కుర్బానీ గురించి. 2012 నవంబరులో పోలండ్ రాజ్యాంగ ట్రిబ్యునల్ ఒక తీర్పిచ్చింది. జంతువును ముందుగా స్పృహ తప్పించకుండా కోయడాన్ని అనుమతించే నిబంధన చెల్లదని. దాంతో 2013 జనవరి నుంచి యూదుల, ముస్లింల పద్ధతిలో కోత నిషేధమైపోయింది. 2013 జూలైలో ప్రభుత్వం తెచ్చిన బిల్లును పార్లమెంటు తిరస్కరించింది. ఆ ఏడాది బక్రీద్‌కు ఈ బోహొనీకీలోనే ముస్లిం మతపెద్ద ముఫ్తీ కుర్బానీకి సిద్ధపడితే, జంతు హక్కుల కార్యకర్తలు వచ్చి నిరసన తెలిపారు, పోలీసులు వచ్చారు, టీవీ కెమెరాలు వచ్చాయి. ఏడాదికి ఒక్కసారి, వంద ఇళ్లు కూడా లేని పల్లెలో. 2014 డిసెంబరులో అదే ట్రిబ్యునల్ ఆ నిషేధం మత స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టేసింది. అదే ఏడాది జూన్‌లో ఎవరో క్రుషిన్యానీ మసీదు గోడ మీద పంది బొమ్మ గీసి, సమాధుల మీద రంగు పూసి పోయారు. ఆ బొమ్మ గురించి అడిగితే పాని నిన్న ఒక్క మాటే అంది: "కడిగేశాం." కోత గురించి అడిగితే మాత్రం ఇక్కడివాళ్లు గంటసేపు చెబుతారు. జంతువుల మీద ప్రేమ తప్పని ఎవరూ అనలేదు. పండగ నాడే, తమ ఊళ్లోనే, కెమెరాతో ఎందుకు వచ్చిందని మాత్రం అడుగుతారు.

ఇప్పుడు పశువైద్యుడి తనిఖీ, కాగితాలు అన్నీ ఉన్నాయి. మాంసం మూడు వాటాలు. ఇంటికి, బంధువులకు, లేనివాళ్లకు. తూకం యంత్రం దగ్గర ఇద్దరు నడివయసు ఆడవాళ్లు చకచకా సంచులు నింపుతున్నారు. ఎముక ఎక్కువ పడిందని ఒకాయన గొణిగితే "సూప్‌కు ఎముకే మంచిది, తీసుకుపో" అని కసిరారు. మా నర్సరావుపేట అత్త అచ్చం ఇలాగే అంటుంది.

ఊరి చివర గుట్ట మీద ఇక్కడా ఒక మిజార్. క్రుషిన్యానీ దానికన్నా పెద్దది. ఒక పక్కగా కొత్త మట్టి దిబ్బలున్నాయి, చుట్టూ రాళ్లు పేర్చి, పైన పైన్ కొమ్మలు వేసి. 2021 శరత్కాలంలో బెలారస్ నుంచి అడవి దాటి రాబోయి చలికి, నీటికి చనిపోయినవాళ్లవి. మొదట ఖననం చేసింది 19 ఏళ్ల సిరియా కుర్రాణ్ని, బుగ్ నదిలో మునిగిపోయాడు. ఆ నవంబరులో ఇక్కడి జమాత్ వాళ్లే గొయ్యి తవ్వి జనాజా నమాజు చదివారు. అతని ఇంటివాళ్లకు ఒక డాక్టర్ ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూపించాడు. తర్వాత ఇంకొందరు. పుట్టకముందే చనిపోయిన ఒక పసిగుడ్డు కూడా. అదే రోజుల్లో ఈ పల్లె ఆడవాళ్లు పెద్ద పెద్ద గిన్నెల్లో సూప్ కాచారు. సరిహద్దు కాసే సైనికులకూ పంపారు, అడవిలో చిక్కుకున్నవాళ్లకూ పంపారు. ఇద్దరికీ ఎలా అని మా ఆవిడ అడిగితే, మాంసం సంచి ఇచ్చినావిడ వింతగా చూసింది. "ఇద్దరికీ చలే కదా" అంది.

పేర్లు తెలియనివాళ్ల దిబ్బల మీద రాయి మాత్రమే ఉంది. మేం ఫాతిహా చదివాం. చివర్లో దువా దగ్గర నాకు తెలుగే వచ్చింది. పక్కన నిలబడ్డ చెచెన్ తండ్రి ఒకడు ఆమీన్ అన్నాడు.

మధ్యాహ్నం యాత్రికుల కోసం ఉన్న ఇంట్లో భోజనం. చెబురెకి అంటే అర్ధచంద్రాకారంలో మడిచి నూనెలో వేయించిన మాంసం పూరీ. కొరికితే లోపలి రసం చొక్కా మీద కారుతుంది. అందరి చొక్కాల మీదా కారింది. ఒక పొడుగు బల్లకు అటూ ఇటూ తాతార్లు, చెచెన్లు, ఒక ఈజిప్టు జంట, మేం. చెచెన్ ఆడవాళ్లు విడిగా కూర్చోబోతే, తాతార్ ముసలమ్మ ఒకామె చెయ్యి పట్టి లాగి మధ్యలో కూర్చోబెట్టింది. వాళ్లు ఇబ్బందిగా నవ్వారు. ఇది ఎప్పుడూ ఇలా సాఫీగా సాగుతుందని నేననుకోను. ఈ దేశంలో తాతార్ల కన్నా కొత్తగా వచ్చిన ముస్లింలే ఇప్పుడు ఎక్కువ. పద్ధతుల విషయంలో రుసరుసలున్నాయి. నిన్నటి ఫొటో గొడవ చూశానుగా. 1925లో పెట్టుకున్న ముస్లిం మత సంఘం తాతార్లదే, దానికి 1936 చట్టం గుర్తింపు ఉంది. పగ్గాలు తమ చేతిలోంచి పోతాయేమోనన్న టెన్షన్ పెద్దవాళ్ల మాటల్లో తెలుస్తూనే ఉంటుంది. ఆ భయం నాకు తప్పుగా అనిపించలేదు.

తిరిగొచ్చాక పాని మా వాటా మాంసంలో సగం తీసి పక్కింటికి పంపింది. పక్కింటివాళ్లు ఆర్థడాక్స్‌లు. గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదని వాళ్లు గుడ్లు పెట్టి పంపారు. మిగిలిన సగంతో మా ఆవిడ గోంగూర లేని లోటును పుల్లటి సోరెల్ ఆకుతో తీర్చి, మాంసం కూర వండింది. ఇక్కడివాళ్లు ఆ ఆకును సూప్‌లో వేస్తారు. కారం బాగా తగ్గించామనే అనుకున్నాం. పాని రెండో ముద్దకే కిటికీ తెరిచింది.

ఆదివారం

ఈరోజు క్రైస్తవులకు పెంతెకోస్తు. ఊళ్లో గుమ్మాలకు, చర్చి వాకిలికి లేత బర్చ్ కొమ్మలు కట్టారు. పక్కింటి ముసలాయన పాని గేటుకు కూడా రెండు కొమ్మలు కట్టిపోయాడు. ఆమె వాటికి నీళ్లు చల్లుతోంది.

లెక్క దగ్గర పేచీ వచ్చింది. పండగ రోజు భోజనానికి డబ్బు తీసుకోనని ఆమె, తీసుకోకపోతే మళ్లీ రామని మా ఆవిడ. చివరికి గది అద్దె తీసుకుంది, భోజనం డబ్బులు మసీదు హుండీలో వేయించింది. ఆవకాయ సీసా ఉంచుకుంటానంది. పిండి సాగదీయడం మా ఆవిడకు నేర్పానని ఆమె, నేర్చుకున్నానని ఈమె, ఇద్దరూ అబద్ధమే.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. సొంత వాహనం ఉంటే మేలు. మసీదు మామూలు రోజుల్లో టిక్కెట్టు తీసుకుని చూడొచ్చు, గైడు తాతార్ మనిషే, జోకులేస్తాడు, పోలిష్ రాకపోతే సగం పోతాయి. తాతార్‌స్కా యుర్తా హోటల్ 2018లో కాలిపోయి మళ్లీ లేచింది, పెరెకచెవ్నిక్ అక్కడ దొరుకుతుంది, సెలవు రోజుల్లో వరసలో నిలబడక తప్పదు. పండగ నమాజుకు వెళ్తే ముస్లింలు కానివాళ్లు కూడా ఆవరణలో ఉండొచ్చు, ఫొటోలు అడిగి తీసుకోండి. సరిహద్దు దగ్గర కాబట్టి పాస్‌పోర్టో, రెసిడెన్స్ కార్డో ఒంటి మీద ఉండాలి. దోమలకు మందు పట్టుకెళ్లండి.